నీ ఇష్టం అన్నాను

మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా, చలికాలంలో ఒక సోమవారం సాయంత్రం, స్కూల్ నుంచి ఒక కాగితం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. వచ్చే ఏడాది ఏ క్లాసులు తీసుకుంటుందో అందులో రాసి, ఇంట్లోవాళ్ల సంతకంతో శుక్రవారంలోగా ఇవ్వాలి. ఇక్కడ అమెరికా హైస్కూల్లో ఏపీ క్లాసులని ఉంటాయి. కాలేజీ పాఠాలు ముందే చదివి, పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకుంటే రేపు కాలేజీలో ఆ క్రెడిట్లు కలుస్తాయి. కలుస్తాయనే అందరూ చెబుతారు.

మేముండే నేపర్‌విల్‌లో మా తెలుగువాళ్ల ఇళ్లకి, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళితే, చేతిలో పులిహోర గిన్నె కింద పెట్టకముందే అడుగుతారు, "మీ అమ్మాయికి ఎన్ని ఏపీలు?" అని. పిల్ల పేరు మర్చిపోయినవాళ్లు కూడా ఆ అంకె మర్చిపోరు. ఇక్కడ అందరి పిల్లలూ ఐదేసి తీసుకుంటారన్న మాట గుంటూరు నుంచి వీడియో కాల్‌లో మా అమ్మ విని, "ఐదు ఏపీలేంటే? ఉన్న ఒక్కదాన్నే రెండు చేశారుగా!" అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను గానీ, నా లెక్కలో ఆ ఐదు అప్పటికే ఖాయమైపోయింది.

అమ్మాయి అనుకున్నవి రెండే, హిస్టరీ, ఇంగ్లిష్. వాటితో పాటు తనకి సిరామిక్స్ కావాలి, అంటే మట్టితో గిన్నెలూ కూజాలూ చేసే క్లాసు. అప్పటికి రెండేళ్లుగా చేస్తోంది. మూడో ఏడాది వాళ్లకే చక్రం మీద పెద్ద కుండలు చేయనిస్తారట. ఐదు ఏపీలు పెట్టుకుంటే ఆ పీరియడ్ మిగలదు. తను చేసిన మొదటి గిన్నె, మూత సరిగ్గా కూర్చోనిది, నా పోపుల డబ్బా పక్కనే ఉంటుంది. అందులో ఆవాలు పోసుకుంటాను.

"కౌన్సెలర్ టూ ఏపీస్ చాలు అన్నది, అమ్మా. నాకు క్లే కావాలి," అంది.

నేను గరిటె తిప్పుతూ, వెనక్కి తిరక్కుండానే, "నీ ఇష్టం," అన్నాను.

తెలుగు ఇంట్లో పెరిగినవాళ్లకి దీని అర్థం విప్పి చెప్పక్కర్లేదు. టెన్త్ అయ్యాక నేను సీఈసీ చదువుతానంటే, మా నాన్న చదువుతున్న పేపర్లోంచి తల ఎత్తకుండా ఇదే మాట అన్నారు. మర్నాడు వెళ్లి ఎంపీసీలో చేరాను. వద్దంటే ఎదురు చెప్పొచ్చు, ఏడవొచ్చు, అన్నం మానేయొచ్చు. నీ ఇష్టం అన్నాక ఇంకేం చెబుతాం? ఇంత పిరికి మాట మన భాషలో ఇంకోటి లేదు.

మా అమ్మాయి మాత్రం ఇక్కడ పుట్టిన పిల్ల. విన్నది విన్నట్టే అర్థం చేసుకుంది. "రియల్లీ? థాంక్స్, అమ్మా!" అని వెనకనుంచి వచ్చి నన్ను వాటేసుకుంది. అక్కడే కూర్చుని, ఏదో కూనిరాగం తీసుకుంటూ, రెండు ఏపీలూ సిరామిక్సూ రాసేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేనన్నదేమిటి, ఇది చేసిందేమిటి!

ఆ తర్వాత మూడు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. లంచ్ బాక్స్ సర్దాను, స్కూల్ దగ్గర డ్రాప్ చేశాను, అడిగినదానికి ఊఁ అన్నాను. ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు నాకు. గురువారం సాయంత్రం, సిటీ నుంచి ట్రైన్ దిగి ఇంటికొచ్చిన మా ఆయన్ని తను గరాజ్‌లోనే ఆపేసింది. పక్కనే లాండ్రీ రూమ్‌లో ఉన్న నాకు అంతా వినపడింది.

"నాన్నా, అమ్మ ఎందుకు మ్యాడ్? నీ ఇష్టం అన్నది కదా?"

"నీ ఇష్టం అంటే నీ ఇష్టమని కాదు తల్లీ. తనకి ఇష్టం లేదని."



"దెన్ నో అని చెప్పొచ్చు కదా?"

ఆయన బూట్లు విప్పుకుంటున్న చప్పుడు వినిపించింది. నేను బట్టలు మడత పెడుతూ నిలబడ్డాను. తలుపు తీసుకుని వెళ్లి, నాకు భయంగా ఉందే, అందరి పిల్లలూ ముందుకెళ్లిపోతే నువ్వు వెనకబడిపోతావేమోనని భయంగా ఉందే అని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నా మాటే నెగ్గబోతోందని తెలిసిపోయింది, అందుకే చెప్పలేదు.

భోజనానికి కూర్చునేసరికి కాగితం నా కంచం పక్కన ఉంది. సిరామిక్స్ అన్నది కొట్టేసి, ఆ పైన కెమిస్ట్రీ అని రాసి ఉంది. ఇంకో రెండు క్లాసుల పక్కన కూడా ఏపీ అని చేర్చింది, మొత్తం ఐదు ఏపీలు. సంతకం పెట్టేసి, బంగాళాదుంపల వేపుడు ఇంకాస్త వడ్డిస్తూ, "కెమిస్ట్రీ మంచిదే, ముందు ముందు పనికొస్తుంది," అన్నాను. "ఓకే," అంది.

మరుసటి ఏడాది మార్కులు బాగానే వచ్చాయి. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎక్కడైనా తప్పి ఉంటే నా మీద అరిచేది, నేనూ అరిచేదాన్ని, ఏదో ఒకటి తేలిపోయేది. ఇప్పుడు తన గోళ్లు శుభ్రంగా ఉండేవి. ఒకప్పుడు ఆ మట్టి కడుక్కోకుండా కంచం ముట్టుకోవద్దని ఇల్లెగిరిపోయేలా కేకలేసేదాన్ని. పాట్‌లక్‌లో మాత్రం ఎవరూ అడక్కుండానే "మాకు ఐదు" అని చెప్పుకున్నాను. సిగ్గులేకుండా, మాకు అనే అన్నాను.

ఈ చలికాలం మళ్లీ ఆ కాగితం వచ్చింది. హైస్కూల్లో ఆఖరి ఏడాదికి. ఈసారి నేనే ముందు నోరు తెరిచాను. "నీకు కావలసినవే రాసుకో అమ్మా. సిరామిక్స్ తీసుకో. నేనేమీ అనుకోను."

తను లాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు. కాగితం నా వైపు జరిపింది.

"నీ ఇష్టం, అమ్మా."

మా అమ్మాయికి తెలుగులో ళ పలకదు, ణ పలకదు. ఈ రెండు మాటలు మాత్రం ఎక్కడా తడబడలేదు. ష్ట దగ్గర నేను నొక్కే నొక్కుతో సహా అచ్చం నాలాగే అంది.

పెన్ను తీసుకుని సిరామిక్స్ అని నేనే రాశాను. తను ఒకసారి చూసి, "ఓకే," అంది. కెమిస్ట్రీకి ఎలా అందో, అలాగే అంది.