నా పేరు మీద ఉన్న ప్రైవేట్ మెసేజ్

ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, ముందు రోజు సరిగ్గా నిద్రపోయారా అని అడిగే మనిషిని నేను. ఇప్పటికీ దయ్యం అన్న మాట వాడను. జరిగింది మాత్రం చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది.

హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌ని. మా టీమ్ లీడ్ ప్రణీత నాకంటే చాలా చిన్నది. ఒకసారి మీటింగులో, "నరేందర్ గారికి కాస్త టైమ్ పడుతుందండి, పాత బండి కదా!" అంది. అందరూ నవ్వారు. ఆమె ఆ మాట అప్పుడే మర్చిపోయి ఉంటుంది. నాకు అన్నం ముందు కూర్చున్నా ఆ నవ్వే వినిపించేది. ఆమెనూ ఒకరోజు అలా నలుగురి ముందు నిలబెట్టాలని కాచుకుని ఉన్నాను.

ఆ సమయంలోనే సుదర్శన్ సార్ మా దగ్గరికి వచ్చారు. టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఇళ్లకు ఇంటర్నెట్ రాకముందు ఇదే ఊళ్లో ఒక బులెటిన్ బోర్డు నడిపారు. సభ్యులు మోడెంతో ఆయన ఇంట్లోని కంప్యూటర్‌కి ఫోన్ చేసి, ఒకరికొకరు మెసేజ్‌లు రాసుకునేవారు. ఆ పాత మెసేజ్ ప్యాకెట్లన్నీ తెచ్చి, అందరూ చదువుకునేలా వెబ్‌సైట్ చేసిపెట్టమన్నారు.

ఆ ప్యాకెట్లలో ప్రతి మెసేజ్ ముందు, ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో చెప్పే ఒక హెడర్ ఉంటుంది. అందులో ఒక ఫీల్డు, అంటే ఒక గడి, ఆనాటి ఫోన్ ఖర్చుది. ఇప్పుడు దానితో పనిలేదు. దాని పక్కనే ఉన్న ఫీల్డు, ఆ మెసేజ్ ప్రైవేటా కాదా అన్నది చెబుతుంది. ప్రణీత కోడ్ రెండింటినీ పనికిరాని పాత ఫీల్డులనుకుని దాటేసింది. అంటే ఒక్కరి కోసం రాసిన మాటలు కూడా ఊరందరికీ కనిపిస్తాయి. కాపురాల గొడవలు, రోగాలు, ఎవరికీ చెప్పుకోలేని సంగతులు. రాసినవాళ్లలో చాలామంది ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నారు.

ఆ కోడ్ సరిచూడాల్సింది నేనే. తప్పు చూశాను. "బాగుంది" అని రాసి పంపేశాను.

ఆ సాయంత్రం బోరబండలో రైలు దిగి ఇంటికి నడుస్తుంటే మనసులో కొన్ని మాటలు తిరిగాయి. పైకి అనలేదు. ఎక్కడా రాయలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు.

సైట్ చూపించే రోజు మధ్యాహ్నం సుదర్శన్ సార్ తన పాత సభ్యులు కొందరిని వెంటబెట్టుకుని వచ్చారు. నేను కావాలనే ముందు కుర్చీలో కూర్చున్నాను. ఆమె మొహం దగ్గరి నుంచి చూడాలని.

"ఏ పేరు వెతకమంటారండి?" అని ప్రణీత అడిగింది.

"మాయి తర్వాత సూద్దం తియ్. ఈ నరేందర్ పేరు కొట్టమ్మా, గప్పట్ల గీయన గిట్ల ఉండెనేమో!" అని సార్ నవ్వారు.

ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది. పంపినవారు నరేందర్. అందుకునేవారు ప్రణీత. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"తప్పు నేను చూసిన. చెప్ప. అందరి ముందట దీని పరువు పోవాలె."

నేను నడుస్తూ అనుకున్న మాటలు అవే. ఒక్క అక్షరం తేడా లేదు.

"ఇదేందయ్యా! గీ పేర్లతోని మా బోర్డుల ఎవ్వరు లేకుండె," అన్నారు సార్. ఆయన స్నేహితులు నవ్వారు. ప్రణీత నవ్వలేదు. తెర వైపు చూసి, నా వైపు తిరిగింది.

"ఏం తప్పండి, నరేందర్ గారూ?"

అబద్ధం ఆడొచ్చు. కానీ తెర మీద ఆ మాటలు ఉండగా నాకు ధైర్యం చాలలేదు. అందరి ముందూ చెప్పాను. ఆమె వెంటనే ల్యాప్‌టాప్ మూసేసింది. ఆ రోజు ఇంకెవరి మెసేజూ తెరుచుకోలేదు.

ఆ వారంలోనే నన్ను ఆ పని నుంచి తీసేశారు. పని అప్పగించే ముందు నేనూ ప్రణీతా సార్ ఇంటికి వెళ్లి, అసలు ఫ్లాపీని ఆయన పాత మెషీన్‌లోనే పెట్టి చూశాం. సార్ మాకిచ్చింది దాని కాపీయే, ఆ ఫ్లాపీ మా చేతికి ఎప్పుడూ రాలేదు. మెసేజ్ అందులోనూ ఉంది. తేదీ నేను నిక్కరుతో బడికి పోయేనాటిది. అప్పటికి ప్రణీత పుట్టలేదు. ప్రైవేట్ అన్న గుర్తు కూడా పెట్టి ఉంది.

కోడ్ సరిచేశాక, ప్రైవేటువి రాసినవారికీ అందుకున్నవారికీ మాత్రమే కనిపిస్తున్నాయి. దీన్ని తీసేయమని ప్రణీతను బతిమాలాను.

"ఎందుకండీ? మీరు రాశారు, నాకు వచ్చింది. ఉండనివ్వండి," అంది.

నేను రాయలేదని ఆమెకూ తెలుసు. మరి ఎవరు రాశారో ఆమెకూ తెలియదు, సార్‌కూ తెలియదు, నేనూ చెప్పలేను. నా పేరుతో లాగిన్ అయితే ప్రైవేటు మెసేజుల్లో ఇప్పటికీ అదొక్కటే కనిపిస్తుంది.