అటకెక్కిన పోర్చుగల్ సీసా

మంచి వైన్ సీసాను ఒక్క చుక్క కూడా తాగకుండా నాశనం చేయడం ఎలాగో మీలో ఎవరికైనా నేర్చుకోవాలనుంటే నరసరావుపేటలో మా విత్తనాల కొట్టుకి రండి. ఆ విద్యలో నన్ను మించినవాడు పల్నాడు మొత్తంలో లేడు.

మా బావమరిది సుధాకర్ ఓడలో వంటవాడు. పదేళ్ళ కిందట ఒకసారి సెలవు అయిపోయి తిరిగి వెళ్తూ, బస్టాండులో నా చేతిలో ఒక సీసా పెట్టాడు. పోర్చుగల్ నుంచి తెచ్చిన టానీ పోర్ట్ అనే తియ్యటి వైన్. బెల్లం పాకం రంగులో మెరిసిపోతోంది. సీసా మీద ఇరవై ఏళ్ళదని రాసుంది.

"చానా మంచి సరుకు బావా. తొందరగా తాగెయ్," అన్నాడు.

"తొందరెందుకురా? ఇంకో పదేళ్ళుంచితే ముప్ఫై ఏళ్ళదయిద్ది. నువ్వు ఓడ మానేసి ఇంటికొచ్చేసిన రోజు తెరుద్దాం."

వాడేదో చెప్పబోయాడు గానీ బస్సు కదిలింది. ఆ బస్సు ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు.

నిల్వ ఉంచితే ఊరి బాగుపడే వస్తువు నాకు ఒక్కటే తెలుసు, ఆవకాయ. అందుకని సీసాకి ఆవకాయ మర్యాదలన్నీ జరిపించాను. మూతికి పాత పంచె గుడ్డతో వాసెన కట్టాను. రేకుల కప్పు కింద అటక మీద జాడీల పక్కన కూర్చోబెట్టాను. ప్రతి వేసవిలో దించి, బాగా కుదిపి, మళ్ళీ ఎక్కించాను.

"ఉప్పు కూడా సరిపోయిందేమో చూడండి," అనేది మా ఆవిడ విమల.

"నీకు తెలవదే. అది ఊరుతోంది."

ఈ ఏడాది సుధాకర్ ఓడలో ఒప్పందం ముగిసి ఇంటికొచ్చాడు. ఓడవాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు. కోర్టు దగ్గర మెస్ పెట్టుకుని ఇక్కడే ఉండిపోవాలనీ వాడికి ఉంది. ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు.

"వాడు మళ్ళీ పోతే నేను తట్టుకోలేను. మీరే ఆపాలి," అంది విమల కళ్ళనీళ్ళతో.

నిజం చెప్పొద్దూ, వాడు లేకపోతే నాకూ ఈ ఊళ్ళో మనసారా నవ్వుకునే తోడు లేదు. సీసా తెరిచి, వాడు కాస్త మెత్తబడ్డాక ఉండిపొమ్మని అడుగుదామనుకున్నాను.

బిరడా పొడి పొడి అయి సీసాలోనే పడింది. టీ జల్లెడతో వడపోశాను. వాడు ఒక గుక్క తాగి, మింగలేక కక్కలేక నా వైపు చూశాడు.

"ఇదేంది బావా, ఖర్జూరాలు నానేసి మర్చిపోయిన నీళ్ళలాగుంది? ఎక్కడ పెట్టావు?"

"అటక మీద."

"రేకుల కిందా? మన ఎండల్లోనా?"

"ఊరుద్దని. ఏడాదికోసారి కుదిపాను కూడా."

వాడు నెత్తి పట్టుకున్నాడు. "ఇది ఊరేది చెక్క పీపాలో బావా! అక్కడ కొంచెం కొంచెం గాలి తగిలి ఆ రంగు, ఆ రుచి వస్తయ్. ఇరవై ఏళ్ళనేది పీపాలో వయసు. సీసాలో పోశాక ఇక బాగుపడేదేం లేదు. నిదానంగా రుచి పోద్ది. నువ్వు దాన్ని ఉడకబెట్టావు!"

"పాత విత్తనం మొలవదని రైతులకి రోజూ చెప్పేది ఈయనే," అని విమల అందుకుంది.

నాకు ప్రాణం ఉసూరుమంది. "నువ్వొచ్చే రోజు కోసమే దాచాన్రా. ఇప్పుడు నిన్ను ఏ మొహం పెట్టుకుని ఉండమనేది?"

సుధాకర్ కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇంకా అడగాల్నా? నేను మళ్ళీ ఓడెక్కితే నువ్వు మా అక్క మూతికి కూడా వాసెన కట్టి అటకెక్కిస్తావు. నేనెక్కడికీ పోను!"

మిగిలిన వైన్ కోడికూరలో పోశాడు. కూర మాత్రం అదిరిపోయింది.

కనుక పాఠకులారా, మా ఆవకాయ జాడీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట తినేది గానీ తాగేది గానీ చేతికొచ్చిన రోజే ముగిస్తాను. మొన్న సుధాకర్ మెస్ తెరిచిన రోజు ఎవరో మిఠాయి డబ్బా చేతికిచ్చారు. మాట తప్పకూడదని గుమ్మంలోనే నిలబడి ఖాళీ చేశాను. అది మొదటి గిరాకీలకి పంచడానికి తెప్పించిందని విమల ఆ తర్వాత చెప్పింది.