దీవెనమ్మ కూర్చోని ఆదివారాలు

పక్కగదిలో కోచింగ్ పిల్లలు కుర్చీ జరిపినప్పుడల్లా నా పళ్ళు జివ్వుమంటాయి. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు నాపరాయి మీద గీరుకునే చప్పుడు అది. పాపం, ఆ పిల్లలకేం తెలుసు. కంప్యూటర్ కోర్సు కోసం అమీర్‌పేటకు వస్తారు, నాలుగు నెలలుండి పోతారు, మళ్ళీ కొత్తవాళ్ళు దిగుతారు. ఎవరి పేరూ నాకు నిలవదు. కాని ఆ చప్పుడు వింటే మాత్రం పొయ్యి మీది గరిటె చేతిలోనే ఆగిపోతుంది. "ముందు కూర్చోవే, తరవాత చెప్పు" అని ఎవరో అన్నట్టే ఉంటుంది. ఆ గదిలో ఒకప్పుడు దీవెనమ్మ పెద్దమ్మ ఉండేది.

మీరు ఆమెను చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునే ఆకారం కాదు. పొట్టి మనిషి, తెల్లచీర, అరిగిపోయిన మోకాళ్ళు. తెనాలి దగ్గర పల్లె ఆమెది. పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మా మేడ మెట్లెక్కేటప్పుడు మెట్టుమెట్టుకూ ఆగి, "ఇంకా ఎన్ని కట్టించావయ్యా ప్రభువా" అని దేవుడితో పోట్లాడేది. మెట్లు కట్టించింది ఇంటి ఓనరు, తిట్లు మాత్రం దేవుడికి. నేను మా ఆయన పోయిన తరువాత పాలమూరు వైపు నుంచి వచ్చి ఆమె పక్కనున్న ఈ గదిలో దిగాను. రెండు గదులు, మధ్యలో ఒకటే నల్లా. ఆమె దాన్ని కొళాయి అనేది. నీళ్ళు ఎవరు ముందు పట్టుకోవాలని మొదటి వారం పోట్లాడుకున్నాం, రెండో వారం నుంచి కలిసి తిన్నాం. నేను ఎల్లమ్మను మొక్కేదాన్ని, ఇప్పటికీ మొక్కుతాను. ఆమె నన్ను ఒక్కనాడూ మారమని అడగలేదు. "నీ దేవత నీకుంది. ఒక్కదానివే కూర్చుని తినకు, అంతే" అనేది.

నేను పని చేసేది మెయిన్ రోడ్డు మీది చీరల షాపులో. పెద్ద షాపు, అద్దాలు, ఏసీ, కస్టమర్లకు మెత్తటి కుర్చీలు. మాకు మాత్రం కూర్చునే వీలు లేదు. బేరం ఉన్నా లేకున్నా పొద్దున్నుంచి నిలబడే ఉండాలి. గోడకు ఆనుకున్నా పైన కెమెరాలో కనబడుతుంది, సూపర్‌వైజరు వచ్చి "ఏం అక్కా, ఇది మీ అత్తగారిల్లా?" అంటాడు. కూర్చోవడానికని బాత్రూంకు పోయేవాళ్ళం. అక్కడ బయట ఇంకొక పిల్ల తలుపు కొడుతుండేది, ఆమెకూ కూర్చోవాలని ఉండేది కదా. ఇందులో చెప్పుకోవాల్సిన బాధ ఉందని కూడా నాకు అనిపించలేదు. పని అంటే అంతే అనుకున్నాను.

మంగళవారం నాకు సెలవు. ఒక మంగళవారం డాబా మీద బట్టలు పిండుతుంటే పెద్దమ్మ నా కాళ్ళు చూసింది. ఆయాగా చేసిన కళ్ళు కదా, వదలవు. బొటనవేలితో నా కాలి మీద నొక్కి, పడిన గుంట ఎంతకూ పైకి రాకపోతే ముఖం ముడుచుకుంది.

"ఏంటే ఇది? మీ కొట్లో కుర్చీలు లేవా?"

"ఉన్నయి పెద్దమ్మా. చీరలు కొనెటోళ్ళకు."

"మరి మీకు?"

"మేం చీరలు అమ్మెటోళ్ళం కదా" అన్నాను. నాకది నవ్వు మాట. ఆమె నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆమె గదిలో ప్రార్థన. ప్రతి మంగళవారం వాళ్ళ చర్చి ఆడవాళ్ళు వచ్చి చాప మీద కూర్చుని పాటలు పాడేవాళ్ళు, చివర్లో ఒక్కొక్కరూ తమ అవసరం చెప్పేవాళ్ళు. కొడుక్కి ఉద్యోగమనో, కోడలికి కాన్పనో. నేను పోయేది మనుషుల కోసం, చివర్లో ఇచ్చే టీ కోసం. ఆ రోజు వాళ్ళలో పెద్దావిడ, "నీకేం ప్రార్థన కావాలమ్మా?" అని అడిగింది. కాళ్ళు వాచినయి, నిలబడలేకపోతున్నా అన్నాను. ఆమె కళ్ళు మూసుకుని, ఈ బిడ్డకు ఓర్పు దయచేయి తండ్రీ అని మొదలుపెట్టింది.

"ఆగండి" అంది పెద్దమ్మ. కళ్ళు మూసుకున్నవాళ్ళంతా తెరిచారు. "దీనికి ఓర్పు అడగొద్దు. ఉన్న ఓర్పుతోనే కాళ్ళు ఇట్టా అయినాయి. ఆనందరావు గారికి బుద్ధి అడగండి. నాలుగు స్టూళ్ళు వేసేంత బుద్ధి చాలు."

ఆనందరావు గారంటే మా షాపు యజమాని. ఆ చర్చికి సంఘపెద్ద కూడా ఆయనే. వాళ్ళు పాడే మైకు ఆయన ఇచ్చిందే, క్రిస్మస్ భోజనానికి బియ్యం ఆయనవే.

"పెద్దవాళ్ళ పేర్లు ప్రార్థనలోకి తేకూడదు దీవెనమ్మా" అంది పెద్దావిడ.

"షుగరు పేరు తెస్తాం, బీపీ పేరు తెస్తాం. ఆయన పేరు దేవుడికి కొత్తా?"

ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు టీ తాగకుండానే అందరూ లేచిపోయారు.

వాళ్ళు పోయాక అడిగాను, ఎందుకు పెద్దమ్మా, నా కాళ్ళ కోసం నీకీ కొట్లాట అని. చాప చుడుతూ చెప్పింది. వాళ్ళ నాయన ఊళ్ళో పెద్దల ముందు కూర్చోవడం ఎరగడట. వాళ్ళ వాకిట్లోకి పోతే కూలి డబ్బులు చేతిలో పడేదాకా నిలబడాల్సిందేనట. పల్లెలో గుడి కట్టినప్పుడు, చర్చిని వాళ్ళు గుడి అనే అంటారు, లోపల బల్లలు వేశారు. పాస్టరు అయ్యగారు వచ్చి భుజం పట్టుకుని వాళ్ళ నాయనను బల్ల మీద కూర్చోబెట్టాడని చెప్పింది. "ఆ రాత్రి ఇంటికొచ్చి మా అమ్మతో వాక్యం సంగతి ఏమీ చెప్పలేదే మా నాయన. బల్ల మీద కూర్చున్నానే అని మాత్రం చెప్పాడు. మా వాళ్ళు ఆ బల్ల కోసం వెళ్ళారే గుళ్ళోకి. ఇవ్వాళ గుడికి పెద్దయినవాడే ఆడపిల్లల్ని నిలబెడితే నేనెట్టా ఊరుకోను?" చాప మూలన నిలబెట్టి, ఇంకో మాట కూడా అంది. "లోకమంతా చేసి ఏడోనాడు దేవుడే చతికిలబడ్డాడు. ఆయన కూర్చుంటే లేని తప్పు నువ్వు కూర్చుంటే వచ్చిందా?"

ఆనందరావు గారు చెడ్డవాడని నేను చెప్పను. జీతం ఒకటో తారీఖున ఇచ్చేవాడు. పెద్దమ్మ పోయి అడిగితే కుర్చీ వేసి కూర్చోబెట్టాడట, కాఫీ తెప్పించాడట. "స్టూలు వేస్తే కస్టమరు వచ్చినప్పుడు లేవరమ్మా. వ్యాపారం వేరు, విశ్వాసం వేరు" అన్నాడట. ఆమె ఆ కాఫీ తాగకుండా వచ్చేసింది.

తరువాతి ఆదివారం నన్ను రమ్మంది. వాళ్ళకు పొద్దున్నే ఒక ఆరాధన ఉండేది, అది అయ్యాక నేను షాపుకు పోవచ్చు. వెళ్ళేముందే చెప్పింది, "నేనేం చేసినా నువ్వు మాత్రం లేవకు. నీ ఉద్యోగం పోతే నేను చేసిందంతా ఎందుకూ?" పాటకు అందరూ లేచారు, పాట అయ్యాక అందరూ కూర్చున్నారు. ఆమె కూర్చోలేదు. ముందు బెంచీ పట్టుకుని నిలబడే ఉంది. అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టి ఆపి, "దీవెనమ్మగారూ, కూర్చోండమ్మా" అన్నారు.

"మీరు చెప్పండి అయ్యగారూ, వింటున్నా. మన పెద్దగారి కొట్లో పిల్లలు కూర్చున్న వారం నేనూ కూర్చుంటా."

తలలన్నీ తిరిగాయి. ఆనందరావు గారు మాత్రం తిరగలేదు. ఆయన మెడ వెనకభాగం ఎర్రగా అవడం నేను చూశాను. ప్రసంగం అయ్యేదాకా ఆమె మోకాళ్ళు సన్నగా వణుకుతూనే ఉన్నాయి, ఆ వణుకు బెంచీలోంచి నాకు తెలుస్తోంది. లేవబోయాను. చూపు అయ్యగారి మీదినుంచి తీయకుండానే నా భుజం మీద చేయి వేసి కిందికి నొక్కింది. వారమంతా నిలబడే నేను అక్కడ కూర్చున్నాను, జీవితమంతా నిలబడిన మనిషి నా పక్కన నిలబడింది. అంత కష్టమైన కూర్చోవడం నేను మళ్ళీ ఎరగను.

ఆ తరువాత ప్రతి ఆదివారం అంతే. ఆమెతో పాటు ఒక్కరూ లేవలేదు. మంగళవారం ప్రార్థనకు రావడం ఒక్కొక్కరే మానేశారు. చాప పరిచి, టీ పెట్టి, నా ఒక్కదానికే గ్లాసు చేతికిచ్చి, "ఎక్కువ పెట్టేశానే, ఇంకో గ్లాసు తాగు" అనేది. మెట్ల వైపు చూసేది, ఎవరైనా వస్తారేమోనని. పాట ఎత్తుకుంటే ఆమె గొంతొక్కటే వినబడేది. నాకు ఆ పాటలు రావు.

క్రిస్మస్ బేరాలు మొదలయ్యే ముందు ఒకరోజు షాపుకు పోయేసరికి కౌంటర్ల వెనక స్టూళ్ళున్నాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు. సాయంత్రం చెబుదామని పరుగున వచ్చాను. అప్పటికే ఆమె మంచం మీద ఉంది, మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి.

"పెద్దమ్మా, స్టూళ్ళు వచ్చినయి!"

ముఖం వెలిగింది. "కూర్చున్నావా?"

లేదన్నాను. ఎవరమూ కూర్చోలేదు. ఎవరు కూర్చుంటారో చూడడానికే వేశారేమోనని మాకు భయం. సాయంత్రం దాకా స్టూళ్ళ పక్కనే నిలబడి ఉన్నాం.

"ఓసి పిచ్చిదానా" అంది, నీళ్ళు తిరిగిన కళ్ళతో నవ్వుతూ. "స్టూలు తెప్పించగలనుగాని, నీ బదులు నేను కూర్చోలేనే. రేపు కూర్చో."

మర్నాడు కూర్చున్నాను. షాపంతా నన్నే చూసింది. ఒక్కదాన్నే కూర్చుని చీర మడతపెట్టాను. మధ్యాహ్నానికి పక్క కౌంటరు పిల్ల కూర్చుంది. ఆ మాట చెబుదామని మెట్లు ఎక్కి వస్తే ఆమె గదికి తాళం. మధ్యాహ్నం ఆమె అన్న కొడుకు వచ్చి కారులో తెనాలికి తీసుకుపోయాడని ఓనరు చెప్పాడు. ఫోను చేస్తే అతనే ఎత్తేవాడు, అత్త నిద్రపోతోంది అనేవాడు. ఆ నిద్రలోనే కొన్నాళ్ళకు పోయింది. నేను కూర్చున్నానన్న సంగతి ఆమెకు తెలియదు.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆమె పక్కన నిలబడని వాళ్ళందరూ వచ్చారు. ఆనందరావు గారు మైకు పట్టుకుని రెండు మాటలు చెప్పి, మూడోది చెప్పలేక కళ్ళు తుడుచుకున్నారు. అది నటన కాదు. తరువాత అయ్యగారు, "మన సహోదరి గౌరవార్థం అందరం లేచి మౌనంగా నిలబడదాం" అన్నారు. బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. నేను లేవలేదు. చివర నిలబడిన కుర్రాడు చెయ్యి ఊపాడు, "లేవాలి ఆంటీ" అని.

"ఆమె నన్ను కూర్చోమన్నది" అన్నాను, మెల్లగానే.

ఆనందరావు గారు వెనక్కి తిరిగి చూశారు. నన్ను గుర్తుపట్టారు. వదిలెయ్యమని ఆ కుర్రాడికి చేత్తో సైగ చేశారు. అంతమంది నడుముల మధ్య, ఏమీ కనబడని చోట, నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నాను. నా భుజం మీద ఆ చేతి బరువు అట్లాగే ఉంది.

ఇప్పుడు నేను షాపు మానేశాను. ఎవరొచ్చినా, గ్యాసు బండ తెచ్చిన తమ్ముడైనా, చెత్తబండి అక్క అయినా, ముందు కూర్చోమంటాను. చాలామంది కూర్చోరు. "టైం లేదక్కా" అంటారు, గుమ్మంలోనే నీళ్ళు తాగి పోతారు. మొన్న పక్కగది పిల్ల ఉప్పు కోసం వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. పర్వాలేదు ఆంటీ, పర్వాలేదు ఆంటీ అంటూనే ఒంటికాలి మీద బరువు మార్చుకుంటోంది. నా నోట్లోంచి నాది కాని యాసలో మాట వచ్చింది.

"ముందు కూర్చోవే, తరవాత చెప్పు."

ఆ పిల్ల కుర్చీ లాక్కుంది. నాపరాయి మీద కిర్రుమంది.