గోడ అవతలి మనుషులు

పొద్దున మిస్త్రీ ఉలి ఆనించి మొదటి దెబ్బ వేయగానే, పొయ్యి వెనక గోడ నుంచి పెచ్చు ఊడి గట్టు మీద పడింది. తేమ పట్టిన పాత సిమెంటు వాసన వంటిల్లంతా కమ్ముకుంది. సూరత్‌లో మేము కొనుక్కున్న ఈ ఫ్లాట్‌లో పొయ్యి వెనక టైల్స్ వేయించుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. అయినా "జర ఆగు భయ్యా" అని మిస్త్రీని ఆపేశాను. ఆ వాసన నన్ను ఈ ఊళ్లోనే వడోద్ బస్తీలో మేము మొదట అద్దెకున్న రేకుల ఇంటికి, మా అత్తమ్మ రాజవ్వ దగ్గరికి తీసుకుపోయింది.

కొత్త కోడలిగా కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చినప్పుడు నన్ను ముందు భయపెట్టింది ఇక్కడి అరుపులు. మగ్గాల మోతలో పనిచేసేవాళ్లు ఇంటికొచ్చినా గొంతు తగ్గించరు. పలకరించినా కొట్లాడుతున్నట్టే ఉంటుంది. అత్తమ్మ ఒక్కతే మెల్లగా మాట్లాడేది. చీరలకు రాళ్లు అంటించే పని చేస్తూ, తల ఎత్తకుండానే నాలుగు మాటలు చెప్పేది. ఒకసారి నల్లా దగ్గర ఒకావిడ నా బిందె పక్కకు తోసేస్తే నేను గట్టిగా అరిచాను. అత్తమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఒర్లితె మన మాట మనకే ఇనవడది బిడ్డా. జర మెల్లగ చెప్పు, ఆమె దగ్గరికొచ్చి ఇంటది" అంది. అప్పుడు నాకు కోపమే వచ్చింది. నాలాంటి దాన్ని అణచిపెట్టడానికి చెప్పే మాటలనుకున్నాను.

ఆ ఇంట్లో పొయ్యి వెనక గోడ నూనె, పసుపు తాగి తాగి పొడిపొడిగా రాలేది. కూరలో సున్నం పడుతోందని అత్తమ్మే పట్టుబట్టి లేత ఆకుపచ్చ టైల్స్ తెప్పించింది. ఆ గోడకు అవతల ఒక గది. అందులో నైట్ షిఫ్టు చేసే మగ్గం కార్మికులు పగలు పడుకునేవాళ్లు, అందరూ మా జిల్లావాళ్లే. గోడ పైకప్పు దాకా లేదు. రేకుల కింద జానెడు సందు ఉండేది. శంకరయ్య అనే అతను కళ్లు తెరవగానే బీడీ ముట్టించేవాడు. ఆ సందులోంచి పొగ మా వంటింట్లోకి దిగితే, ఆయన నిద్ర లేచాడని మాకు తెలిసేది.

టైల్స్ వేసే రోజు మా ఆయన డ్యూటీకి పోయాడు. మిస్త్రీ గోడ చెక్కుతుంటే నేను పెచ్చులు ఎత్తిపోస్తున్నాను. ఉన్నట్టుండి ఉలి దిగిన చోట బుస్సుమని చప్పుడు వచ్చింది. మాకంటే ముందున్నవాళ్లు ఎవరో గ్యాస్ పైపును గోడలో పెట్టి పైన సిమెంటు పూసేశారు. గుప్పుమని వాసన. మిస్త్రీ "గ్యాస్! గ్యాస్!" అంటూ బయటికి పరుగెత్తాడు.

అత్తమ్మ గోడ వైపు కాదు, రేకుల కింది సందు వైపు చూసింది.

"వాకిట్ల మీటర్ కాడ వాల్వ్ ఉన్నది, పోయి కట్టెయ్. ఏ స్విచ్చూ ముట్టకు" అని నాతో చెప్పి, పక్క గది వైపు నడిచింది.

వాల్వ్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కొంగు చుట్టి తిప్పాను. కదల్లేదు. అవతల అత్తమ్మ అరచేత్తో తలుపు కొడుతోంది. లోపల గడియ. మగ్గాల దగ్గర చెవులు పోగొట్టుకున్నవాళ్లు, రాత్రంతా నిలబడి వచ్చి పడుకున్నవాళ్లు, వాళ్లకేం వినపడుతుంది? వీధిలో జనం పోగై అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. ఆమె ఒక్క క్షణం ఆగి, సిమెంటు కలపడానికి పెట్టిన నీళ్ల బకెట్ ఎత్తుకుని ఆ గది పక్క గల్లీలోని కిటికీ దగ్గరికి పోయింది. చువ్వల మధ్య నుంచి నీళ్లన్నీ లోపల కుమ్మరించింది.

లోపల బూతులు మొదలయ్యాయి. నా చోటి నుంచి ఆమె ముఖం మాత్రం కనిపిస్తోంది, చువ్వలకు ఆనించి ఉంది. పసిపిల్లను లేపుతున్నట్టు మాట్లాడింది.

"శంకరయ్యా, నేను రాజవ్వను కొడుకా. అగ్గిపెట్టె ఆడ్నే పెట్టు. లైటు ఎయ్యకుండ్రి. గ్యాస్ వచ్చింది. తలుపు తీసి మెల్లగ బయటికి రాండ్రి."

బూతులు ఆగిపోయాయి. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. తడిసిన బనియన్లతో వాళ్లు ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చేసరికి, నా చేతి కింద వాల్వ్ తిరిగింది. అరచేయి తోలు లేచింది. శంకరయ్య చేతులు ఖాళీగా ఉన్నాయి. నేను మొదట చూసింది అదే.

సాయంత్రం ఇంటి యజమాని వచ్చాడు. పైపు సంగతి గ్యాస్ ఆఫీసులో చెప్పొద్దని, చెబితే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందని హిందీలో కేకలు వేశాడు. "ఎవరికీ ఏమీ కాలేదు కదా?" అన్నాడు.

అత్తమ్మ తనకొచ్చిన హిందీ, తెలుగు కలిపి మెల్లగా జవాబిచ్చింది. "కాలేదు గనుకనే చెప్తున్న సేఠ్. అయినంక చెప్పెటందుకు ఎవరుంటరు?"

ఆయన వెళ్లాక ఆమె వెనక వాకిట్లోకి పోయి వాంతి చేసుకుంది. నేను వీపు నిమురుతుంటే ఆమె ఒళ్లంతా వణుకుతోంది. "భయమైతలేదనుకున్నవా? కిటికీ కాడనే కాళ్లు పోయినయి. చువ్వలు పట్టుకొని నిలవడ్డ" అంది. అప్పటిదాకా ఆమె నెమ్మదిని నేను మెత్తదనం అనుకున్నాను. అది ఆమె బలవంతాన నిలబెట్టుకున్నదని ఆ వాకిట్లో తెలిసింది.

మరునాడు ఆమే గ్యాస్ ఆఫీసుకు పోయి చెప్పి వచ్చింది. గ్యాస్ వాళ్లు పైపు తీసి గోడ బయటి నుంచి వేశారు. యజమాని అన్నంత పనీ చేశాడు. ఇల్లు వదలాల్సి వచ్చిన రోజు శంకరయ్య వాళ్లు నిద్ర మానుకుని, ఆ టైల్స్ డబ్బాలతో సహా మా సామానంతా భుజాల మీద మోశారు. కొత్త ఇంట్లో పొయ్యి వెనక ఆ ఆకుపచ్చ టైల్స్ వేయించుకున్నాం. బతికున్నన్నాళ్లూ అత్తమ్మ వంటయ్యాక తన కొంగుతోనే వాటిని తుడిచేది.

ఈ పొద్దు మిస్త్రీ విసుక్కుంటూ బాల్కనీలో కూర్చున్నాడు. పైపులు ఎక్కడున్నాయో వాచ్‌మన్‌ను పిలిచి చూపించుకున్నాను. గోడకు అవతలి ఫ్లాట్‌లో ఒక ముసలాయన ఒంటరిగా ఉంటాడు, చెవులు సరిగా వినపడవు. గోడ కొట్టేంతసేపు కింద వాచ్‌మన్ దగ్గర కూర్చొమ్మని గట్టిగా అడిగితే ఆయనకు అర్థం కాలేదు. చెవి దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన చెప్పులు వేసుకుని బయటికి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.