ఆరు తేడాల నర్సింహులు సార్

సోమవారం పొద్దున పత్రికాఫీసులో చేతిలోని చాయ్ గ్లాసు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వనపర్తిలో మా డ్రాయింగ్ మాస్టారు నర్సింహులు సార్ దివంగతులయ్యారని ఫోన్‌లో చెప్పారు. జీవితమంతా లోకం కండ్లను మోసం చేసిన మనిషి కదా, ఇదీ ఆయన చమత్కారమే అయివుంటుందని గద్వాల నుంచి బస్సులో దారి పొడవునా ఆశపడ్డాను. వాకిట్లో చెప్పుల వరుస చూశాక ఆ ఆశ కూలిపోయింది.

మా వారపత్రికను చదివేవాళ్లు తక్కువ. చివరి పేజీ చూసేవాళ్లు మాత్రం కోట్లలో ఉండేవారు. అక్కడ సార్ గీసిన రెండు బొమ్మలు, వాటి నడుమ ఆరు తేడాలు. ఆరోది దొరకలేదని ధరూర్‌లో డ్రైవర్ షేర్ ఆటో ఆపేస్తే, ప్రయాణికులందరూ దిగి వెతికి పెట్టారట. ఈ మాటకు సాక్ష్యం నేనే, మీరు నమ్మవలసిందే.

ఏడో తరగతిలో ఆయన బోర్డు మీద రెండు గీతలు గీశారు. ఒకదాని కొనలకు బాణాలు లోపలికి, ఇంకోదానికి బయటికి. ఏది పెద్దదని అడిగితే నేను లేచి, కిందిది మూరెడు పెద్దదని వాదించాను. దారమిచ్చి కొలవమన్నారు. రెండూ సమానం! తరగతి యావత్తూ నవ్వింది. సార్ నా భుజం మీద చెయ్యేసి, "కన్ను అబద్ధం చెప్పదురా. నువ్వే దాన్ని తొందరపెడ్తున్నవ్" అన్నారు.

అంతటి సూక్ష్మదర్శి, భార్య ఈశ్వరమ్మగారు ముక్కుపుడక మారిస్తే పక్షం రోజులు గుర్తించలేదు. సార్‌కు కాగితం మీది ఆడోళ్ల ముక్కులే కనిపిస్తయని ఆమె వాడకట్టంతా చాటింది.

ఆయనకు పరీక్షాధికారి కూడా ఆమే. బొమ్మ పూర్తికాగానే సార్ దాన్ని తెచ్చి ఆమె బియ్యం చాట పక్కన పెట్టేవారు. రాళ్లేరడం అయ్యేలోపు ఆరూ దొరికితే అది మరీ సులభమని అక్కడికక్కడే చింపేసేవారు. అట్లా చింపిన కాగితాలతో జూరాల పక్కన ఇంకో ఆనకట్ట కట్టొచ్చు.

రెండేండ్ల కింద ఆయన కండ్లకు నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు తిరిగిరాదని దవాఖానలో చెప్పేశారు. బొమ్మ మానమంటే ఆ మనిషి ప్రాణం మానేటట్టున్నారు. ఒకరోజు ఈశ్వరమ్మగారు బస్సెక్కి వచ్చి, బొమ్మను నా బల్ల మీద పరిచింది.

"కొడుకా, దీంట్ల ఎనిమిదున్నయి. రెండు ఆయనకు తెల్వకుండనే పడ్డయి. సార్‌కు మాత్రం చెప్పకు."

చూస్తే కుడివైపు కాకికి ఒక కాలు లేదు, గడపకు ఒక గీత లేదు. ఆ వారం నుంచి "ఆరు" తీసేసి, తేడాలెన్నో మీరే చెప్పండని వేశాను. పాఠకులే అట్లా అడుగుతున్నారని సార్‌కు బొంకాను. అచ్చుకు ముందురోజు ఆమె ఫోన్ చేసి అసలు లెక్క చెప్పేది. భూమండలంలో ఇంత పకడ్బందీ కుట్ర ఇంకోటి లేదని మురిసిపోయాను.

పోయిన నెల చూడబోతే, ఆమె వంటింట్లోకి పోయేదాకా ఆగి సార్ నెమ్మదిగా అన్నారు. "పేపర్ల జవాబులు పక్కింటాయనతోని చదివించుకుంట. నేను ఆరే గీస్త, మీరు తొమ్మిదేస్తరు. నాకు తెల్వదనుకుంటున్నరా?"

మరి ఎందుకు ఊకున్నారని అడిగాను.

"ఇదివరకు చాట ఖాళీ అయ్యేలోపే బొమ్మ అవతల పెట్టేది. ఇప్పుడు పొద్దంత నా పక్కన్నే కూసొని వెతుకుతుంది. ఇంకో రెండు పడనీరా."

ఆయన చివరి బొమ్మ నా ముందుంది. వేరుశనగ చేను, రెండెడ్లు, గట్టు మీద తలపాగా సర్దుకుంటున్న రైతు. జవాబుల చీటీ రాయకుండానే సార్ వెళ్లిపోయారు. పెద్దకర్మ అయిన మర్నాడు దాన్ని ఈశ్వరమ్మగారికి చూపించాను. పదకొండు దొరికాయి. వీటిలో సార్ కావాలని పెట్టినవేవి, చూపు తప్పి పడ్డవేవి అని అడిగాను. ఆమె చాలాసేపు వేలితో కాగితం తడిమింది.

"ఏది చెయ్యి గీసిందో, ఏది కన్ను గీసిందో నాకు తెల్వదు కొడుకా. పదకొండూ ఆయనవే. గట్లనే వెయ్యి."

అట్టి చిత్రకారుడు ఈ పాలమూరు నేలకు మళ్లీ దొరకడు. ఎద్దుకు కొమ్ము తక్కువైన చోట తక్కువగానే ఉంచి, ఒక్క గీతా దిద్దకుండా, గురుపాదాలకు మొక్కి, ఈ బొమ్మను అచ్చుకిస్తున్నాను.