అవ్వకు ఒక ఫోటో

ఈ రోజు ముత్తంగిలో ఒక పెళ్లికి మా మనవరాలు స్రవంతి ఫోటోలు తీయడానికి వెళ్తే నేనూ వెంట వెళ్లాను. పొద్దున్నుంచి నా ప్రాణం కుదురుగా లేదు. కొడుకు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఇల్లు నడిచేది ఆ ఒక్క కెమెరాతోనే. దాని షట్టర్‌కు కూడా ఆయుష్షు ఉంటుందట, నొక్కినకొద్దీ అరుగుతుందట. ఈ మధ్య నొక్కినప్పుడల్లా గరగరమంటోంది.

అక్షింతలు వేయడానికి జనం ఒక్కొక్కరే స్టేజి ఎక్కుతున్నారు. ఒక్కో మనిషికి టకటకా ఎన్ని ఫోటోలో! ఆగలేక మెట్ల దగ్గర నిలబడ్డాను. "ఇంటోళ్లందరు కల్సి ఎక్కుండ్రి బిడ్డా, ఒక్క ఫోటోల అయిపోతది" అని బతిమాలి గుంపులుగా పంపించాను.

పెళ్లికూతురి తల్లి చూసేసింది. "ఏందవ్వా, మా సుట్టాలను బస్సు ఎక్కిచ్చినట్టు ఎక్కిస్తున్నవ్?"

"కెమెరా అరుగుతది బిడ్డా. గది ఆగితే మా ఇంట్ల పొయ్యి ఎలగదు" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆమె నన్ను చేయి పట్టి తీసుకెళ్లి పెళ్లికూతురి పక్కన నిలబెట్టి, "అవ్వకు ఒకటి తియ్యి" అంది.

ఆ గరగర వినలేక కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"నానమ్మా, కండ్లు మూసినవ్. ఇంకోటి తియ్యాలె" అంది స్రవంతి.

మళ్లీ మూసుకున్నాను. మళ్లీ తీసింది. మెట్ల దగ్గర నేను మిగిల్చినదంతా స్టేజి మీద నేనే అరగదీశాను.

ఇంట్లో కెమెరా ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి. గరగర మొదలయ్యాక అది ఇంకెన్నాళ్లు పనిచేస్తుంది? రేపు జిన్నారంలో ఇంకో పెళ్లి ఉంది.