నెత్తి మూయని టోపీ

ఆ ఆసుపత్రి లిఫ్టులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే స్టూలు, దాని మీద ఒకే మనిషి. స్టూలుకి రెండుసార్లు కాళ్ళు మార్చారు. మనిషికి మార్చడం కుదరలేదు గానీ, మోకాళ్ళు ఎప్పుడో మొండికేశాయి. అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. డాక్టర్లకి లిఫ్ట్‌మ్యాన్, నర్సులకి పెద్దాయన, ఐదో అంతస్తు పిల్లలకి లిఫ్ట్ తాత.

ఒళ్ళో ఎప్పుడూ ఊలు ఉండేది. అదేమీ పుట్టుకతో వచ్చిన విద్య కాదు. పాతికేళ్ళ కిందట డాక్టరు బీడీలు మానమన్నాడు. మానడం నోటికంటే చేతులకి కష్టమైంది. ఊరికే జేబు తడుముకునేవి. భార్య ఇంట్లో కూర్చుని స్కూలు పిల్లలకి స్వెట్టర్లు అల్లేది. ఒకరోజు రెండు సూదులు, ఒక ఊలుండ తెచ్చి అతని ఒళ్ళో పడేసింది.

“చేతులకి పనిలేకపోతేనే కదా జేబు గుర్తొచ్చేది. ఇది పట్టుకో.”

“లిఫ్టులో కూర్చుని ఊలు అల్లితే నవ్వరూ?”

“రోజంతా పైకీ కిందకీ తిరుగుతావు, ఎవరైనా నవ్వారా? ఇదీ అంతే. ముందుకీ వెనక్కీ.”

ఆమె నేర్పింది ఒక్క టోపీయే. పొడుగాటి చారల టోపీ. చేయి తిరగనివాళ్ళకి అంతకంటే తేలికైనది లేదు. సూది మీద డెబ్భై రెండు కుట్లు ఎక్కించాలి. రెండు సూటిగా, రెండు తిరగేసి అల్లుకుంటూ పోవాలి. వరస అయ్యాక తిప్పి మళ్ళీ అదే. గట్టూ కాలవా, గట్టూ కాలవా అన్నట్టు చారలు పడతాయి. కావలసినంత పొడుగయ్యాక పక్కలు కలిపి కుట్టి, పైకుట్లన్నిటిలోంచీ ఒక దారం దూర్చి లాగితే, సంచీ మూతి ముడుచుకున్నట్టు నెత్తి మూసుకుంటుంది. కొసన ఒక కుచ్చు. తలకి తగ్గట్టు కుట్లు తగ్గించే విద్య కూడా నేర్పమంటే, “నీ బుర్రకి ఇది చాలు” అంది. పాతికేళ్ళూ అదే చాలింది.

ఐదో అంతస్తులో ఉండేది నెలల తరబడి మందులు ఎక్కించుకునే పిల్లలు. మందులకి వాళ్ళ జుట్టు రాలిపోయేది. ఒంట్లో కాస్త నిలకడగా ఉంటే, మధ్యలో పదిరోజులు సెలవిచ్చి ఇంటికి పంపేవారు. అలా వెళ్ళే ప్రతి బిడ్డకీ లిఫ్ట్‌మ్యాన్ ఒక టోపీ ఇచ్చేవాడు. దానికి పిల్లలే సెలవుల టోపీ అని పేరు పెట్టుకున్నారు.

ఆ టోపీకి ఒక నియమం ఉంది. బిడ్డ వార్డులో చేరిన వారానికి మొదలుపెట్టి, రోజూ అల్లుకుంటూ పోయేవాడు. నెత్తి మాత్రం మూసేవాడు కాదు. ఇంటికి పంపే కాగితం మీద సంతకమై, బిడ్డ లిఫ్టు ఎక్కాక, మూడో అంతస్తు దగ్గర లిఫ్టు ఆపేవాడు. అక్కడ దారం దూర్చి, బిగించి, కుచ్చు తగిలించి, తలకి పెట్టి, అప్పుడు కిందకి దింపేవాడు. కింద ఎంతమంది బెల్లు కొట్టినా సరే. లిఫ్టు ఎందుకు ఆలస్యమవుతుందో ఆసుపత్రిలో అందరికీ తెలుసు కనుక ఎవరూ గొడవ చేసేవారు కాదు.

కాబట్టి ఎంతకాలం ఉంటే అంత పొడుగు టోపీ. “నాది నడుం దాకా వచ్చింది” అని పిల్లలు గొప్పలు పోయేవారు. పెద్దవాళ్ళు చూపు తిప్పుకునేవారు.

ఆ ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో ఏడేళ్ళ పాప ఒకతె వచ్చింది. వెంట వాళ్ళ నాన్న. లిఫ్టు ఎక్కీ ఎక్కగానే పాపే అడిగింది.

“ఏ ఫ్లోరు తాతా?”

“అది నేనడగాలే పిచ్చుకా.”

“ఇవాళ నేను లిఫ్ట్‌మ్యాన్. నువ్వు చెప్పు.”

అప్పట్నుంచి ఆమె అతనికి పిచ్చుకే. ఊలు రంగు తనే ఎంచుకుంది, చిలకపచ్చ. “పిచ్చుకవి కదా, చిలకపచ్చ ఎందుకే?” అంటే, “పిచ్చుకనని ఎవరికీ తెలియకూడదు” అంది.

తండ్రి ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. పాప తల్లి ఇంట్లో ఐదునెలల చంటివాడితో ఉండిపోయింది. ఇక్కడి పనంతా ఇతనిదే. చంకలో ఫైలు, చేతిలో ఫ్లాస్కు, జేబులో చిన్న నోటుబుక్కు. లిఫ్టు ఎక్కితే తలుపుకేసి చూస్తూ పెదాలు కదిపేవాడు. ప్రార్థన కాబోలు అనుకున్నాడు లిఫ్ట్‌మ్యాన్. కాదు, లెక్క. పాప రక్తంలో తెల్లకణాలు నిన్న ఎన్ని, ఇవాళ ఎన్ని, ఈ లెక్కన రేపటికి ఎన్ని. అవి వెయ్యి దాటితే, స్కూళ్ళకి సెలవులిచ్చే రోజుకి పాపని ఇంటికి పంపుతామని డాక్టరమ్మ చెప్పింది.

సెలవులకి ముందురోజు సాయంత్రం తొమ్మిదివందల ఇరవై ఉన్నాయి. లెక్చరర్ మెట్లు దిగి లిఫ్టు దగ్గరికి వచ్చాడు.

“పెద్దాయనా, రేపటికి వెయ్యి దాటుతుంది. గ్రాఫు గీశాను. టోపీ మూసి ఇచ్చేయండి. పెట్టుకుని అద్దంలో చూసుకుంటానని మారాం చేస్తోంది.”

“కాగితం రానీయండి మాస్టారూ. లిఫ్టులోనే మూస్తాను.”

“ఒక్క పూటకి ఏమవుతుంది? దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?”

“లేదు. నాకూ తెలుసు.”

“మరి?”

లిఫ్ట్‌మ్యాన్ స్టూలు కింది రేకుడబ్బా తీసి మూత తెరిచాడు. అందులో ఒక్కటే టోపీ, నీలంది. నెత్తి మూసి, కుచ్చు కూడా పెట్టి ఉంది.

“ఇరవై ఏళ్ళయింది. రేపు ఇంటికేనన్నారు. వాళ్ళమ్మ బతిమాలితే ముందురోజే మూసి, పొద్దున ఇద్దామని దాచుకున్నాను. పొద్దున ఆ పిల్లాణ్ణి నా లిఫ్టులోనే దింపారు. టోపీ ఇవ్వడానికి లేకపోయింది.” డబ్బా మూసేశాడు. “మూయబట్టి పోయాడని కాదు మాస్టారూ. నా చెయ్యి రాదు, అంతే.”

లిఫ్టు ఐదో అంతస్తుకి ఎక్కింది, లెక్చరర్ దిగి వార్డులోకి వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి పాపకి జ్వరం వచ్చింది. రెండురోజుల్లో కణాలు నూట ఎనభైకి పడిపోయాయి. అద్దాల గదిలోకి మార్చారు. టోపీ మూయలేదు, అయినా జ్వరం వచ్చింది. ఆ మాట లెక్చరర్ అనవచ్చు. అంటాడేమోనని లిఫ్ట్‌మ్యాన్ ఎదురుచూశాడు కూడా. అతను నోటుబుక్కు తీసి నూట ఎనభై అని రాసుకున్నాడు, అంతే.

సెలవులు వచ్చాయి, పోయాయి. చిలకపచ్చ టోపీ మోకాలి మీంచి జారి స్టూలు కాలు దాకా దిగింది. ఇంతలో ఇంకో సంగతి దగ్గరపడింది. నెలాఖరుతో లిఫ్ట్‌మ్యాన్ ఉద్యోగం అయిపోతుంది. బటన్లు నొక్కుకుని ఎవరికి వాళ్ళే వెళ్ళే కొత్త లిఫ్టు వస్తుంది. ఇంకా పదకొండు రోజులు ఉన్నాయనగా, ఎవరూ లేనప్పుడు అతను లెక్చరర్‌ని ఆపాడు.

“మాస్టారూ, టోపీ మూసి ఇచ్చేస్తాను. ఇంతవరకూ సగం పనిని ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. మీరన్నట్టు సంబంధమేమీ లేదుగా.”

ఈ మాట కోసం మూడు రాత్రులు తనలో తాను పోట్లాడుకున్నాడు. లెక్చరర్ టోపీని చేతిలోకి తీసుకుని, తెరిచి ఉన్న అంచుని, సూది మీద వరసగా కూర్చున్న కుట్లనీ చాలాసేపు చూశాడు.

“వద్దండీ,” అన్నాడు. “నాకు నేర్పండి.”

లిఫ్టులో చదువు మొదలైంది. లెక్చరర్ గోడకి ఆనుకుని నిలబడేవాడు. రెండు సూటి, రెండు తిరగ. ప్రతి వరసకీ కుట్లు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసేవాడు. అందులో తప్పులేదు గానీ, ప్రతి కుట్టునీ పీక నొక్కినట్టు బిగించేవాడు. వరస తిప్పేసరికి సూది దూరేది కాదు. కిచకిచమని చప్పుడు.

“పెద్దాయనా, అసిస్టెంటుని పెట్టుకున్నారా?” అంది మందుల ట్రే పట్టుకున్న నర్సు.

“ట్రైనింగులో ఉన్నాడమ్మా. లిఫ్టు నడపడం రెండో ఏడు సిలబస్.”

లెక్చరర్ నవ్వలేదు. నుదుటి మీద చెమట.

“ఎందుకు మాస్టారూ అంత బిగింపు?”

“జారిపోతుందేమోనని.”

లిఫ్ట్‌మ్యాన్ టోపీ అందుకుని, కావాలనే ఒక కుట్టుని సూది మీంచి వదిలేశాడు. అది పట్టుతప్పి నాలుగు వరసలు కిందకి జారింది. లెక్చరర్ చెయ్యి ముందుకి వచ్చేసింది. “అయ్యో” అన్నది సగంలో ఆగింది. లిఫ్ట్‌మ్యాన్ తొందరపడకుండా చిన్న కొక్కెం తీసి, మెట్టు మెట్టుగా దాన్ని పైకి ఎక్కించి మళ్ళీ సూది మీద కూర్చోబెట్టాడు.

“చూశారా. జారినా ఎక్కడికీ పోదు. కింది వరస దాన్ని పట్టుకునే ఉంటుంది. ఓపిగ్గా తెచ్చుకోవచ్చు. బిగిస్తేనే చిక్కు. రేపటి వరసకి చోటుండదు.”

లెక్చరర్ ఆ చోటు ఎక్కడో వేలితో వెతికాడు. తెలియలేదు. ఆ రోజు అతని వేళ్ళు కొంచెం వదులయ్యాయి. మర్నాడు పాపకి మళ్ళీ జ్వరం, మళ్ళీ బిగుసుకున్నాయి. ఆ టోపీ చదవడం వచ్చినవాడికి, ఏరోజు కబురు ఎలాంటిదో వరసల్లో కనిపించేది. లిఫ్ట్‌మ్యాన్‌కి ఆ చదువు వచ్చు. అందుకే ఎక్కువ చూసేవాడు కాదు.

చివరిరోజు టోపీ, ఊలు, కొక్కెం అన్నీ సంచిలో పెట్టి ఇచ్చాడు.

“నెత్తి మూయడం నేర్పలేదు మీరు,” అన్నాడు లెక్చరర్.

“ఇప్పుడెందుకు? కాగితం చేతికొచ్చిన రోజు మా ఇంటికి రండి. కుచ్చు నా దగ్గరే ఉంటుంది.”

నోటుబుక్కులో అడ్రసు రాయించాడు. తర్వాత అద్దాల గది దగ్గరికి వెళ్ళాడు. లోపలికి రానివ్వరు. పిచ్చుక మంచం మీద కూర్చుని ఉంది, నోటికి మాస్కు, బోడితల. అతను కనుబొమ్మలు ఎగరేసి, ఏ ఫ్లోరు అన్నట్టు చెయ్యి తిప్పాడు. పాప బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపించింది. గ్రౌండ్.

ఇంట్లో రోజులు గడవడం కష్టమైంది. భార్య పక్కన ఊలుండలు ఉన్నాయి. అతను ముట్టుకోలేదు.

“బీడీ గుర్తొస్తోందా?” అందామె.

“లేదే.”

“మరి ఆ గుమ్మంలో ఏముంది? ముప్పై ఏళ్ళు తలుపు తీసి వేసింది చాల్లేదా?”

ఆసుపత్రికి వెళ్ళి అడగొచ్చు. రెండు బస్సుస్టాపుల దూరం. నర్సులు కుర్చీ వేసి కూర్చోబెడతారు. కానీ అడిగితే జవాబు ఉంటుంది. ఆ జవాబు ఏదైనా అయి ఉండొచ్చు. మెట్ల మీద ఎవరి అడుగులు వినబడినా చెవి నిక్కేది. వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేని బిల్డింగు. వచ్చే అడుగులు రెండో అంతస్తులోనే ఆగిపోయేవి.

ఇరవై మూడో రోజు పొద్దున ఒక అడుగుల చప్పుడు రెండో అంతస్తు దాటింది. నెమ్మదిగా, బరువుగా, ప్రతి మలుపులోనూ ఆగుతూ. మగమనిషి నడక. ఒక్కడే. లిఫ్ట్‌మ్యాన్ కుర్చీలోంచి లేవబోయాడు, మోకాళ్ళు సహకరించలేదు. ఒక్కడే ఎందుకు వస్తున్నాడు? చిన్న అడుగుల కోసం విన్నాడు. లేవు. భార్య అల్లడం ఆపి అతని మొహం చూసింది.

లెక్చరర్ గుమ్మంలోకి వచ్చాడు. ఆయాసపడుతున్నాడు. చేతిలో సంచి. భుజం వెనక నుంచి, మాస్కు లోంచి, సన్నటి గొంతు వినబడింది.

“ఏ ఫ్లోరు తాతా?”

వీపు మీద ఉంది. కాళ్ళు నాన్న నడుం చుట్టూ.

“మూడు,” అన్నాడు లిఫ్ట్‌మ్యాన్. మళ్ళీ చెప్పాడు. “థర్డ్ ఫ్లోర్.”

“పదిరోజులే పంపారు,” అన్నాడు లెక్చరర్. “పదకొండోనాడు మళ్ళీ చేరాలి. కింద ఆటో ఉంది. ఇంటికి వెళ్ళేముందు ఇక్కడికేనని పట్టుబట్టింది.” పాపని కిందకి దింపి, కాగితం తీసి చూపించాడు. లిఫ్ట్‌మ్యాన్ సంతకం దాకా చదివాడు.

భార్య సంచిలోంచి టోపీ తీసి రెండు చేతులా చాపింది. కింద సగం వదులుగా, మెత్తగా. ఆపైన ఒకచోట సన్నబడి, ఒకచోట వెడల్పయి, మళ్ళీ సన్నబడి ఉంది.

“సొరకాయలా ఉందయ్యా,” అంది. “నీ శిష్యుడేనా?”

“మొదటి బ్యాచ్,” అన్నాడు లిఫ్ట్‌మ్యాన్.

ఆమె పక్కలు కలిపి కుట్టి ఇచ్చింది. అతను లావు సూదిలో దారం ఎక్కించి, కుట్లన్నిటిలోంచీ ఒక్కొక్కటిగా దూర్చాడు. లెక్కపెడుతూనే ఉన్నాడు. డెబ్భై రెండు, ఒక్కటీ జారలేదు. అల్లిక సూది లాగేసి, దారం కొస లెక్చరర్ చేతిలో పెట్టాడు.

“లాగండి.”

లెక్చరర్ భయపడుతూ కొంచెం లాగాడు. నెత్తిన ఇంకా వేలు పట్టేంత కంత ఉంది. అతను ఆగి పెద్దాయన కేసి చూశాడు. పదకొండు రోజులు విన్న మాటే మళ్ళీ వినబడుతుందని కాబోలు.

“ఇప్పుడు బిగించండి మాస్టారూ. మీ బలమంతా పెట్టి. ఇక్కడ ఎంత బిగిస్తే అంత మంచిది.”

లెక్చరర్ వేలికి దారం చుట్టుకుని లాగాడు. వేలు తెల్లబడేదాకా లాగాడు. కంత మూసుకుంది. ముడి వేశాడు, దాని మీద ఇంకొకటి, ఇంకొకటి. లిఫ్ట్‌మ్యాన్ వద్దనలేదు. చివరికి కుచ్చు తగిలించి, టోపీని పాప తలకి తొడిగి, చెవుల మీదకి లాగాడు. మిగతాది వీపు మీంచి కిందకి దిగి, కుచ్చు పిక్కల దగ్గర ఊగింది.

“అందరికంటే నాదే పొడుగు,” అంది పిచ్చుక.

ఎవరూ చూపు తిప్పుకోలేదు.

వెళ్ళేటప్పుడు అతను గోడ పట్టుకుని వాళ్ళతోపాటు మెట్లు దిగాడు. రెండో అంతస్తు మలుపులో మోకాలి కోసం ఆగితే, వీపు మీది పాప మెడ తిప్పి చూసింది. అతను చెయ్యి చాచి, లేని తలుపొకటి పక్కకి తోశాడు.

“గ్రౌండ్ ఫ్లోర్,” అంది పాప.